పాదం విరగని పుస్తకాలు

స్త్రీల రచనలను మాత్రమే ప్రచురించాలన్న నియమంతో ఒక కవయిత్రి నడుపుతున్న చిన్న ప్రచురణ సంస్థకు ఏడాది చందా కట్టి, ఆ ఏడాదిలో వచ్చిన ఆరు పుస్తకాలనూ చదివిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను. మెచ్చుకోలుతోపాటు ఫిర్యాదులు కూడా ఉన్నాయి గనుకా, సంస్థ అంటే దాదాపుగా ఆమె ఒక్కరే గనుకా, పేరు చెప్పడం లేదు. ఆరింటిలో మూడు కవితా సంపుటాలు, రెండు కథా సంపుటాలు, ఒకటి ఆత్మకథ.

నడుపుతున్నది కవయిత్రి అన్న సంగతి ముందుగా తెలిసేది కవితా సంపుటాల పేజీల్లోనే. పేజీ వెడల్పుకు పట్టని పాదాన్ని డీటీపీలో ఎక్కడ వీలైతే అక్కడ విరిచి, మిగిలిన ముక్కను కింది వరుసలో ఎడమ అంచుకు చేర్చడం మన కవిత్వ పుస్తకాల్లో తరచుగా కనిపించేదే. అలా చేసినప్పుడు అది కవి కావాలని విరిచిన పాదమో, కాగితం చాలక విరిగిన పాదమో చదివేవారికి తెలియదు. ఈ పుస్తకాల్లో అలాంటి ముక్కను నాలుగక్షరాల మేర లోపలికి జరిపి వేశారు గనుక పాదం ఇంకా పూర్తి కాలేదని కంటికి వెంటనే తెలుస్తుంది. ఒక సంపుటంలో పాదాలు మరీ పొడవుగా ఉండడంతో మామూలు డెమీ సైజును వదిలేసి, ఎత్తు తక్కువగా, వెడల్పు ఎక్కువగా ఉండేట్టు పుస్తకాన్నే అడ్డంగా వేశారు. అది నా బీరువాలో మిగతా పుస్తకాల వరుసను దాటి బయటికి పొడుచుకు వచ్చి తలుపు పడనివ్వడం లేదు కానీ, ఆ కవితలను ఇంకోలా వేసి ఉంటే సగం నాశనమయ్యేవని ఒప్పుకోక తప్పదు. వరుసల మధ్య జాగా విషయంలోనూ ఇదే శ్రద్ధ కనిపిస్తుంది. తెలుగులో అక్షరం పైన గుడులూ కింద ఒత్తులూ ఉంటాయి గనుక, ఆ జాగాను కాస్త తగ్గించినా పై వరుసలోని ‘స్త్రీ’ కింది ఒత్తు దిగువ వరుసలోని గుడిని తాకుతుంది. పేజీలు మిగుల్చుకోవాలనుకునే ప్రచురణకర్త మొదట కోసేది ఆ జాగానే. ఇక్కడ దాన్ని ముట్టుకోలేదు.

కథల దగ్గరికి వచ్చేసరికి ఆ కవి చెవే ఇబ్బంది పెట్టింది. రాత్రి డ్యూటీ ముగించుకొని ఇంటికి వచ్చిన ఒక నర్సు, తలుపు తీయకుండా గుమ్మంలోనే నిలబడిపోయే కథ ఒకటి ఉంది. అది పత్రికలో వచ్చినప్పుడు చదివాను. అప్పుడు దాని మధ్యలో, సహోద్యోగి తీసుకొని తిరిగి ఇవ్వని అప్పు గురించి అరపేజీ గొడవ ఉండేది. సంపుటంలో ఆ అరపేజీ లేదు. కథ నిశ్శబ్దంగా, నున్నగా, దాదాపు కవితలా తయారైంది కానీ, ఆమె అంతసేపు గుమ్మంలో ఎందుకు నిలబడిందో ఇప్పుడు మనమే ఊహించుకోవాలి. రచయిత్రి తానే తీసేశారేమో అనుకుందామంటే, రెండో కథా సంపుటంలోనూ ప్రతి కథా అదే రకంగా, చిన్న వాక్యంతో, ఏదో ఒక వస్తువు మీద చూపు నిలిపి ముగుస్తోంది. వేర్వేరు జీవితాల నుంచి వచ్చిన ఇద్దరు రచయిత్రులు ఒకే గొంతుతో ముగించడం వెనుక సంపాదకురాలి కత్తెర ఉందనే నా అనుమానం.

విచిత్రంగా ఆత్మకథ జోలికి ఆ కత్తెర పోలేదు. ఫోనులో రికార్డు చేసిన మాటలను రాతలో పెట్టిన పుస్తకం అది. చెప్పిందే మళ్లీ చెప్పడం, ఒక సంగతి మధ్యలో ఆపి మరో సంగతి ఎత్తుకొని ఇరవై పేజీల తరువాత మొదటిదాన్ని అందుకోవడం, అన్నీ అలాగే ఉంచారు. ఆరింటిలో నాకు బాగా నచ్చింది ఇదే.

ఇక పుస్తకం తయారీ సంగతి. మొదటి మూడింటికి పదహారేసి పేజీలుగా మడిచిన ఫారాలను దారంతో కుట్టి బైండు చేశారు. బల్ల మీద తెరిచి పెడితే చేత్తో నొక్కి పట్టుకోకుండానే చదువుకోవచ్చు. తరువాతి మూడింటికి జిగురుతో సరిపెట్టారు. నాలుగోదాన్ని రెండోసారి చదువుతుండగా మూడు కాగితాలు ఊడి చేతికి వచ్చాయి. ఉత్తరం రాస్తే పదకొండు రోజుల తరువాత ఆమే స్వయంగా జవాబిచ్చి వేరే ప్రతి పంపారు. పుస్తకాలు చెప్పిన నెలలో రాకపోవడం మామూలే. అన్నట్టు, ఆరు పుస్తకాల్లోనూ కాపీరైటు రచయిత్రుల పేరుతోనే ఉంది.

నా అసలు ఫిర్యాదు వేరే. వీళ్లు ఒక్కో పుస్తకాన్నీ మూడు వందల ప్రతులే వేస్తారు, అయిపోతే మళ్లీ వేయరు. స్త్రీల రచనలకు మొదటి ముద్రణ దొరకకపోవడం ఎంత కష్టమో, ఒకసారి అచ్చయినవి దొరక్కుండా పోవడం అంతకు తక్కువ కష్టమేమీ కాదు. లండన్‌లో కార్మెన్ కాలిల్ 1973లో స్థాపించిన విరాగో అనే స్త్రీల ప్రచురణ సంస్థ, 1978లో ప్రత్యేకంగా ఒక పుస్తకాల వరుస మొదలుపెట్టి, మార్కెట్లో లేకుండా పోయిన స్త్రీల రచనలను మళ్లీ అచ్చు వేయవలసి వచ్చిందంటే కారణం ఇదే. కవయిత్రులు పెట్టిన సంస్థలకు ఆయుష్షు బెంగ కూడా ఉంటుంది. అమెరికాలో ఆల్టా అనే కవయిత్రి 1969లో మొదలుపెట్టిన షేమ్‌లెస్ హస్సీ ప్రెస్ 1989లో మూతపడింది. అక్కడే కవయిత్రి ఆడ్రి లార్డ్, బార్బరా స్మిత్ తదితరులు 1980లో ప్రారంభించిన కిచెన్ టేబుల్ ప్రెస్ కూడా, 1992లో లార్డ్ మరణించిన తరువాత ఎక్కువ కాలం నడవలేదు. పాదం విరగకుండా ఇంత జాగ్రత్త పడే మనిషి, ఆ పాదం మరో పదేళ్ల తరువాత ఎవరికైనా దొరుకుతుందా అన్నది కూడా అంతే జాగ్రత్తగా ఆలోచించి ఉండవలసింది. అచ్చుకు పంపిన ఫైళ్లు ఎలాగూ ఉంటాయి. ఆర్డరు వచ్చినప్పుడే ఒకటో రెండో ప్రతులు వేసి ఇచ్చే సదుపాయం ఇప్పుడు చిన్న సంస్థలకూ అందుబాటులో ఉంది. ఒక్కో ప్రతికి ఖర్చు ఎక్కువే అవుతుంది, కుట్టు బైండింగు ఆశ వదులుకోవాలి. అడ్డంగా వేసిన ఆ సంపుటానికి ఆ పద్ధతి పనికిరాకపోవచ్చు, మిగతా ఐదింటికి పనికొస్తుంది.

కవిత్వం చదివేవారు, ముఖ్యంగా సొంత సంపుటం వేసుకోవాలనుకునేవారు, ఈ చందా నిస్సందేహంగా కట్టవచ్చు. కథల కోసమే అయితే ముందు ఒక పుస్తకం విడిగా కొని చూడడం మంచిది. నేను రెండో ఏడాదికి కూడా చందా కట్టాను. ఎవరికైనా ఇద్దామని ఆత్మకథ ఇంకో ప్రతి అడిగితే, అన్నీ అయిపోయాయనీ, తన సొంత ప్రతిని కావాలంటే చదివి తిరిగి పంపే షరతు మీద ఇస్తాననీ ఆమె జవాబు రాశారు.