తొమ్మిదేళ్లలో లక్షా పది వేల కిలోమీటర్లు: 91 ఆక్టేన్ పెట్రోల్ చాలా, 95 కావాలా?

నా కారు 2016 మోడల్, 1.2 లీటర్ల పెట్రోల్ ఇంజన్. శ్రీకాకుళంలో కొన్నాను, తిరుగుడంతా ఈ చుట్టుపక్కలే. రోజూ ఎచ్చెర్ల, నెలకు రెండుసార్లు విశాఖ, పండగలకు సాలూరు ఘాట్ ఎక్కి కొరాపుట్‌లో అక్క ఇంటికి. ఇండియన్ ఆయిల్, హెచ్‌పీ, భారత్ పెట్రోలియం మూడింటి పెట్రోలూ కొట్టించాను.

ముందు 95 ఆక్టేన్ సంగతి. ఖరీదైన పెట్రోల్ పోయిస్తే పికప్, మైలేజీ పెరుగుతాయని నేనూ గట్టిగా నమ్మాను. 2021 చివర్లో వరసగా పది ట్యాంకులు ఇండియన్ ఆయిల్ వాళ్ల 95 ఆక్టేన్ పెట్రోల్ ఎక్స్‌పీ95 పోయించాను. ప్రతిసారీ అదే బంకులో ఆటో కట్ అయ్యేదాకా నింపించి, లీటర్లూ కిలోమీటర్లూ డైరీలో రాశాను. మామూలు పెట్రోల్‌తో లీటరుకు సగటున 17.4 కిలోమీటర్లు వచ్చేది, దీంతో 17.6 వచ్చింది. లీటరుకు ఎక్కువ ధర పెట్టినందుకు దక్కింది అంతే.

ఆక్టేన్ అంటే పెట్రోల్ బలం కాదు. సిలిండర్‌లో ఒత్తిడి పెరిగినప్పుడు పెట్రోల్ తనంతట తాను అంటుకోకుండా ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె. నా కారు మాన్యువల్ 91 చాలంటుంది, అప్పట్లో మామూలు పెట్రోల్ 91 ఆక్టేనే. టర్బో ఇంజన్ ఉండి, కంపెనీయే 95 పోయమని రాస్తే తప్పకుండా పోయించండి.

ఒక్క సాలూరు ఘాట్‌లో మాత్రం తేడా కనిపించింది. ఐదుగురం, సామాను, ఏసీ. మూడో గేరులో ఇంజన్ టకటక కొట్టుకునేది. 95 పోస్తే ఆ చప్పుడు తగ్గింది. తర్వాత సర్వీసులో స్పార్క్ ప్లగ్గులు మార్చి, కార్బన్ శుభ్రం చేయించాను. అప్పటినుంచి మామూలు పెట్రోల్‌తోనే ఘాట్ హాయిగా ఎక్కుతోంది.

నాకు నిజంగా దెబ్బ తగిలింది 2018లో. అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. రెండు వారాల తర్వాత బంధువులకు బియ్యం, టార్పాలిన్లు పట్టుకెళ్తూ దారిలో ఒక చిన్న బంకులో 20 లీటర్లు పోయించాను. నాలుగు కిలోమీటర్లు వెళ్లేసరికి కుదుపులు, ఆ వెంటనే ఇంజన్ ఆగిపోయింది. మెకానిక్ ట్యాంకులోంచి సీసాలోకి దించి చూపించాడు. "ఏటి బాబూ, అడుగున నీళ్లే కదా!" అన్నాడు. వాన నీరు భూమిలోని ట్యాంకులోకి దిగితే పెట్రోల్‌లో కలిపిన ఎథనాల్ కూడా పెట్రోల్‌ను వదిలి ఆ నీటితో కలిసి అడుగుకు చేరుతుంది. అప్పుడు పైన మిగిలిన పెట్రోల్ ఆక్టేన్ కూడా పడిపోతుంది. ట్యాంకు కడిగించడం, ఫిల్టరు మార్చడం, రెండు రోజుల పని.

అందుకే ఇప్పుడు నేను కంపెనీని కాదు, బంకును చూస్తాను. మామూలు పెట్రోల్ ఎవరు అమ్మినా ఒకే భారతీయ నాణ్యతా ప్రమాణానికి సరిపోవాల్సిందే. అమ్మకం జోరుగా ఉండే హైవే బంకులో సరుకు నిల్వ ఉండదు. ట్యాంకరు దించుతున్నప్పుడు అక్కడ ఆగను, అడుగున ఉన్న మడ్డి కదులుతుంది. కల్తీ అనుమానం వస్తే, చుక్క వేసి మరక చూసుకునే ఫిల్టర్ పేపర్ అడుగుతాను, కొలత మీద అనుమానమైతే ఐదు లీటర్ల పాత్రతో కొలిపిస్తాను. అవి చూపించడం బంకువాళ్ల బాధ్యత, అడగడానికి మొహమాటపడకండి.

ఇక 20 శాతం ఎథనాల్ పెట్రోల్. ఇది వచ్చాక నా సగటు 16.6కి దిగింది. ఎథనాల్‌లో లీటరుకు శక్తి పెట్రోల్ కంటే దాదాపు మూడో వంతు తక్కువ, కాబట్టి కొంత తగ్గడం సహజమే. మళ్లీ 95 పోసి చూసినా అది తిరిగి రాలేదు. నాలాంటి పాత కారున్నవాళ్లు రబ్బరు గొట్టాలు ఒకసారి చూపించుకోండి. నా కారులో ఒకటి మెత్తబడి పెట్రోల్ వాసన వచ్చేది, పోయినేడు మార్పించాను.

వానాకాలంలో కొరాపుట్ బయల్దేరితే రాజాంలోనే ఫుల్ చేయించి, బిల్లు దగ్గర పెట్టుకుని ఘాట్ ఎక్కుతున్నాను.