పాత హాకెన్ రైఫిల్ కొంటున్నారా? ముందు గొట్టం ఊడదీయించండి

ఎల్లోస్టోన్ చూసి డెన్వర్‌కు తిరిగి వస్తూ, వయోమింగ్‌లోని ఒక చిన్న ఊళ్ళో పురాతన వస్తువుల దుకాణం ముందు కారు ఆపాను. అక్కడ 5,200 డాలర్లు పోగొట్టుకున్నాను. గొడవ ఇంకా తేలలేదు కాబట్టి దుకాణం పేరు రాయడం లేదు. పాత వస్తువుల మీద మోజున్న మనవాళ్ళు ప్రతి వేసవిలోనూ ఆ దారిన వెళ్తుంటారు. కనీసం మీరైనా మోసపోకండి.

నాకు అంటగట్టింది హాకెన్ రైఫిల్. బీవర్ అనే నీటి జంతువు తోళ్ళ కోసం రాకీ పర్వతాల్లో తిరిగిన వేటగాళ్ళ కథలన్నిటిలో వినిపించే పేరది. సెయింట్ లూయిస్‌లో జేకబ్ హాకెన్, శామ్యూల్ హాకెన్ అనే అన్నదమ్ములు వీటిని తయారుచేసేవారు. ఎనిమిది పలకల బరువైన గొట్టం, దాని కింద సగం దాకానే ఉండే కర్ర. మూతిలోంచి మందు పోసి, నూనెగుడ్డ చుట్టిన సీసపు గుండును కడ్డీతో కిందికి దించాలి. మన ఏజెన్సీ గ్రామాల నాటు తుపాకిదీ ఇదే పద్ధతి. చిన్నప్పుడు దాన్ని చూసినప్పటి నుంచీ నాకీ పిచ్చి పట్టుకుంది.

దుకాణదారు పెద్దమనిషి, మాట నెమ్మది. ఈ తుపాకి 1834 నాటి రాండేవూకు వెళ్ళివచ్చిందన్నాడు. 1825 నుంచి 1840 దాకా వేసవుల్లో వేటగాళ్ళూ వర్తకులూ కొండల్లో కలుసుకుని తోళ్ళకు బదులు సరుకులు తీసుకునే సంతలవి. ‘‘శామ్యూల్ హాకెన్ 1859లో మీ డెన్వర్‌కే వచ్చాడు, తెలుసా?’’ అని కూడా అన్నాడు. అది నిజమే. ఆ ఒక్క నిజం విన్నాక మిగతాదంతా నమ్మేశాను. మా ఆవిడ కారులోంచి రెండుసార్లు హారన్ కొట్టింది. అప్పుడైనా బుద్ధి రావలసింది.

ఇంటికొచ్చి హాల్లో గోడకు తగిలించాను. మూడు వారాల తర్వాత, ఇలాంటి తుపాకులు బాగుచేసే ఒక స్నేహితుడు భోజనానికి వచ్చాడు. కూర్చోకుండానే కడ్డీ తీసి గొట్టంలోకి దించి, మూతి దగ్గర వేలితో గుర్తు పెట్టుకున్నాడు. అదే కడ్డీని గొట్టం పక్కన బయట పెట్టి కొలిచాడు. అడుగుదాకా వెళ్ళవలసిన కడ్డీ రెండంగుళాలు పైనే ఆగిపోయింది. లోపల మందూ గుండూ అలాగే ఉన్నాయి. మా అబ్బాయి ఆ మూడు వారాల్లో దాని మీటను ఎన్నిసార్లు లాగాడో లెక్కలేదు. దెబ్బ తగిలితే మందుకు నిప్పంటించే క్యాప్ అనే చిన్న లోహపు మూత దాని చోట లేదు కాబట్టి బతికిపోయాం. మందును తడిపి, గుండును బయటికి తీయడం అతను తన షెడ్డులో చేశాడు. దయచేసి ఆ పని ఎవరూ ఇంట్లో చేయకండి. ఏ దుకాణంలో చేతికిచ్చినా ముందు ఈ కడ్డీ కొలత చూడండి, తర్వాతే బేరం.

అసలు మోసం ఆ రోజే బయటపడింది. ఈ రకం రైఫిల్‌లో గొట్టాన్ని కర్రకు పట్టి ఉంచేవి అడ్డంగా దిగే చీలలు. వాటిని తట్టి తీస్తే వెనక కొక్కెం నుంచి గొట్టం పైకి లేస్తుంది. లేపి చూస్తే, అడుగు పలక మీద ఆకురాయితో అరగదీసిన మచ్చ ఉంది. పూర్తిగా అరగదీయడానికి ఓపిక లేకపోయినట్టుంది, చిన్న చతురస్రంలో ఏ, డి అనే రెండు ఇంగ్లిష్ అక్షరాలు మిగిలాయి. అది ఇటలీలోని గార్డోనేలో ఉన్న తుపాకుల పరీక్షాకేంద్రం వేసే సంవత్సరపు ముద్ర. 1975కు ఏ ఏ, మరుసటి ఏడాదికి ఏ బి... ఆ లెక్కన నా తుపాకి 1978 నాటిది. నాకంటే మూడేళ్ళు పెద్ద. 1834 నాటిదన్న తుపాకికి తగిన వయసే!

గొట్టం పైనున్న ముద్ర చూసినా నాకు తెలిసి ఉండవలసింది. ‘ఎస్. హాకెన్, సెయింట్ లూయిస్’ అని ఉంది. అన్నదమ్ములు కలిసి పనిచేసినన్నాళ్ళూ ‘జె. అండ్ ఎస్. హాకెన్’ ముద్ర వాడారు. 1849లో కలరాతో జేకబ్ పోయాక శామ్యూల్ ఒక్కడి పేరుతో ముద్ర పడింది. రాండేవూలు 1840కే ముగిశాయి. ముద్రా కథా ఒకదాన్నొకటి కొట్టుకుంటుంటే నేను డబ్బు లెక్కపెడుతున్నాను.

పైగా 1830లలో కొండలకు వెళ్ళిన రైఫిళ్ళలో హాకెన్లు తక్కువే. అమెరికన్ ఫర్ కంపెనీ పెన్సిల్వేనియాలోని బోల్టన్‌లో ఉన్న హెన్రీ కుటుంబపు తుపాకుల కర్మాగారం నుంచి రైఫిళ్ళు తెప్పించుకునేది. మూలవాసులతో తోళ్ళ వర్తకంలో నడిచినవి పక్క పలక మీద పాము బొమ్మ ఉండే నార్త్‌వెస్ట్ తుపాకులు. చేతితొడుగు వేసుకున్న వేలు కూడా పట్టేలా వాటి మీట కవచం పెద్దది. వాటికీ నకళ్ళున్నాయి. పాత తుపాకి కర్రకు కొత్తగా ఇత్తడి మేకులు దిగ్గొట్టి ‘తెగ నాయకుడిది’ అని చెప్పేవాళ్ళున్నారు. మేకు చుట్టూ కర్ర ఎండి నల్లబడిందా, నిన్న గుచ్చినట్టుందా చూడండి. నెబ్రాస్కాలోని చాడ్రన్‌లో తోళ్ళ వర్తకం మ్యూజియం ఉంది. కొనే ముందు అక్కడ ఒక పూట గడిపి ఉంటే నాకీ ఖర్చు తప్పేది.

ఫోన్ చేస్తే దుకాణదారు రసీదు చదవమన్నాడు. నోటితో ‘అసలుది’ అన్న మనిషి రసీదులో ‘హాకెన్ తరహా రైఫిల్, ఉన్నది ఉన్నట్టు’ అని రాశాడు. ఆ ‘తరహా’ ఖరీదు 5,200 డాలర్లు. 1898లోపు తయారైనవాటినీ, మూతిలోంచి మందు కూరేవాటి నకళ్ళనూ ఫెడరల్ చట్టం మామూలు తుపాకుల కింద లెక్కించదు. కాబట్టి ఆ అమ్మకానికి ఫారాలూ నేపథ్య తనిఖీ ఏవీ లేవు, ఈ రసీదు ఒక్కటే నా చేతిలో మిగిలింది. రాష్ట్రాల నిబంధనలు వేరుగా ఉండవచ్చు, చూసుకోండి. ఎవరు చేశారు, ఏ కాలంలో, నకలని తేలితే డబ్బు వాపసు ఇస్తారా అన్నవి అమ్మేవాడి చేతనే రాయించుకోండి. గొట్టం ఊడదీయడానికి ఒప్పుకోకపోతే తుపాకి బల్లమీద పెట్టేసి కారెక్కండి.

ఇండియాకు తీసుకెళ్తానని ఒక మిత్రుడు అడిగాడు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే దాన్ని దిగుమతి చేయకూడదు, వద్దన్నాను. ప్రస్తుతం అది గ్యారేజీలో పెట్టెలో ఉంది. అమ్మవలసి వస్తే ‘1978, ఇటలీ నకలు’ అని నేనే చీటీ అంటించి అమ్ముతాను.