నాపా, సోనోమాల్లో ఎక్కడ దిగాలి: మూడు ప్రయాణాల్లో మాకు తెలిసొచ్చినవి

బే ఏరియాకి (శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కలకి) వచ్చాక, కాలిఫోర్నియాలో వైన్ తోటలకి పేరున్న నాపా, సోనోమా వైపు మూడుసార్లు వెళ్ళాం, మూడుసార్లూ మూడు వేరువేరు ఊళ్ళలో దిగాం. మొదటిసారి మేమిద్దరమే, రెండోసారి ఇంకో జంటతో కలిసి, మూడోసారి ఇండియా నుంచి వచ్చిన అత్తయ్యగారినీ మావయ్యగారినీ తీసుకుని. ఏ వైనరీకి, అంటే వైన్ తయారుచేసే చోటికి, వెళ్ళాలన్నది అరగంటలో తేలిపోయేది కానీ గది ఎక్కడ తీసుకోవాలన్నదాని మీద మాత్రం ప్రతిసారీ వారం పది రోజులు తర్జనభర్జనే. అందుకే నాకు ఇప్పుడు గట్టిగా అనిపించేది ముందే చెప్పేస్తాను: గది ఫోటోలు చూడకముందే, సాయంత్రం ఆరింటికి మీరు ఎక్కడ ఉంటారు, అక్కడి నుంచి కారు ఎవరు నడుపుతారు అన్నది తేల్చుకోండి. ఆ రెండూ తేలితే ఊరు దానంతట అదే తేలిపోతుంది.

ముందు మ్యాప్ కాస్త అర్థం చేసుకోవాలి. నాపా లోయ పొడవు సుమారు 30 మైళ్ళు, వెడల్పు కొద్ది మైళ్ళే. రెండు రోడ్లు పక్కపక్కనే పోతుంటాయి, పడమర హైవే 29, తూర్పున సిల్వరాడో ట్రెయిల్. దక్షిణం నుంచి పైకి నాపా, యౌంట్‌విల్, ఓక్‌విల్, రూథర్‌ఫర్డ్, సెయింట్ హెలీనా, చివర కాలిస్టోగా. సోనోమా కౌంటీ ఉండేది పడమర కొండల అవతల. మ్యాప్‌లో రెండూ ఆనుకునే ఉన్నట్టుంటాయి కానీ ఆ కొండ దాటాలంటే అన్నీ మెలికల రోడ్లే, అదీ రెండు మూడు టేస్టింగులు, అంటే వైనరీల్లో కూర్చుని రకరకాల వైన్లు రుచి చూడటం, అయ్యాక.

మేం మొదటిసారి చేసిన పొరపాటు సరిగ్గా అదే. గది సోనోమా వైపున్న సాంటా రోజాలో 101 హైవే పక్కన ఒక మామూలు చెయిన్ హోటల్లో తీసుకున్నాం, రాత్రికి 160 డాలర్లు, నాపాలో అదే శనివారానికి దానికి రెండు రెట్లు పైనే చూపిస్తోంది. గదికేం వంక లేదు, శుభ్రంగా ఉంది, పొద్దున టిఫిన్ కూడా ఇచ్చారు. కానీ మేం టేస్టింగులు బుక్ చేసుకున్నవి సెయింట్ హెలీనా దగ్గర. కొండ మీదుగా వెళ్ళి, రెండు చోట్ల కూర్చుని, మళ్ళీ చీకటి పడకముందే అదే కొండ దాటి రావాలి కాబట్టి మా ఆయన గ్లాసు వాసన చూసి పక్కన పెట్టేయడమే సరిపోయింది, మనిషికి 60 డాలర్ల టేస్టింగ్ ఫీజు కట్టి. మర్నాడు నాపా మాట మానేసి ఉత్తరంగా డ్రై క్రీక్ లోయకి వెళ్ళాం, అప్పుడు తెలిసింది సాంటా రోజా దేనికి సరైన చోటో. అక్కడి నుంచి హీల్డ్స్‌బర్గ్ ఊరు 15 మైళ్ళే, హైవే మీద సాఫీగా వెళ్ళిపోవచ్చు. డ్రై క్రీక్, అలెగ్జాండర్ వ్యాలీ, రష్యన్ రివర్ అనే మూడు వైన్ ప్రాంతాలూ ఆ ఊరి చుట్టూనే. డ్రై క్రీక్‌లో జిన్ఫాండెల్ అనే రకం పాత ద్రాక్ష తీగలు చూడాలి, పందిరి లేకుండా ఒక్కో మొదలూ చిన్న చెట్టులా వంకర్లు తిరిగి నిలబడి ఉంటుంది. టేస్టింగ్ ఫీజు కూడా నాపాలో కట్టినదాంట్లో సగమే, పైగా సీసా కొంటే అదీ మాఫీ చేశారు. హీల్డ్స్‌బర్గ్‌లోనే దిగాలంటే మాత్రం రేట్లు నాపాకి ఏమాత్రం తీసిపోవు. కాబట్టి సోనోమా వైపు తిరిగేవాళ్ళకి సాంటా రోజా గానీ దాని పైనున్న విండ్సర్ గానీ మంచి బేరం, నాపా తిరిగేవాళ్ళకి కాదు.

రెండోసారి నాపాలోనే దిగాలని ముందే అనుకున్నాం, నలుగురం కాబట్టి తోటల మధ్య ఇల్లు ఒకటి అద్దెకి తీసుకుందామని ఒక సైట్లో బుక్ చేశాం. ప్రయాణం ఇంకా 8 రోజులుందనగా ఇల్లు ఇవ్వలేం అని మెసేజ్ వచ్చింది. డబ్బు తిరిగి ఇచ్చారు కానీ ఆ వారాంతానికి లోయలో మిగిలిన గదుల రేట్లు చూస్తే కళ్ళు తిరిగాయి. తర్వాత ఎందుకిలా అని వెతికితే తెలిసింది, నాపా కౌంటీలో ఊళ్ళ హద్దులకి బయట ఉండే ఇళ్ళని 30 రోజులకంటే తక్కువకి అద్దెకివ్వడం అసలు కుదరదట. ద్రాక్షతోటల మధ్య ఇల్లు, రెండు రాత్రులు అని ఎక్కడైనా కనిపిస్తే అది ఏ ఊరి హద్దులో ఉంది, పర్మిట్ ఉందా అని డబ్బు కట్టకముందే అడగండి. మా టెన్షన్ మీకు వద్దు.

ఈ రూలుకి వెనక ఒక పెద్ద సంగతి ఉంది. 1968లో నాపా కౌంటీ ఈ లోయ నేలని వ్యవసాయ రక్షిత ప్రాంతంగా ప్రకటించింది, అమెరికాలో అలా చేయడం అదే మొదలు. ఇంత మంచి నేల ఇళ్ళ ప్లాట్లు కాకుండా ఇంకా తోటలుగానే ఉందంటే దానివల్లే, హోటళ్ళు తక్కువ ఉండి రేట్లు ఇంతంత ఉండటానికీ అదొక కారణమే. నాకు గది ఖరీదు మీద ఎంత చిరాకున్నా ఆ నిర్ణయం మీద మాత్రం గౌరవమే.

చివరికి నాపా డౌన్‌టౌన్‌లో దొరికింది, ఆదివారం నుంచి మంగళవారం దాకా మార్చుకుంటే. శుక్ర, శనివారాల రేటుతో పోలిస్తే మూడో వంతుకి పైగా తగ్గింది, అదే హోటల్, అదే గది. కుదిరితే మీరూ వారం మధ్యలోనే వెళ్ళండి, వైనరీల్లో పోసేవాళ్ళకి కూడా మనతో మాట్లాడే తీరిక ఉంటుంది. డౌన్‌టౌన్‌లో నాకు నచ్చింది ఏంటంటే సాయంత్రం కారు తాళం గదిలోనే పడేసి బయటికి రావచ్చు. నది ఒడ్డున నడుచుకుంటూ ఆక్స్‌బో మార్కెట్‌కి వెళ్తే నలుగురూ నాలుగు రకాలు తినొచ్చు, శాకాహారులకి ఇబ్బంది ఉండదు, ఖరీదైన రెస్టారెంట్ల టేస్టింగ్ మెనూల్లో (వాళ్ళే వరసగా వడ్డించే భోజనంలో) మనకేం మిగులుతుందో అన్న బెంగా లేదు. ఊళ్ళోనే బోలెడు టేస్టింగ్ రూములు, అన్నీ నడకే. పగలు లోయ పైకి వెళ్ళడానికి మన కారునే నడిపిపెట్టే డ్రైవర్‌ని గంటల లెక్కన పెట్టుకున్నాం, నలుగురు పంచుకుంటే పెద్ద భారం అనిపించలేదు. ఊబర్ నమ్ముకుంటే నాపా ఊళ్ళో బాగానే దొరికింది, పైన కాలిస్టోగా వైపు నుంచి రాత్రి తొమ్మిదికి పిలిస్తే మాత్రం ఎంతసేపటికీ రాలేదు. 29 మీద నాపా నుంచి కాలిస్టోగా దాకా వైన్ (Vine) బస్సు కూడా ఉంది, పేరు వైనే గానీ అది తీగ అనే అర్థంలో. పగటి పూటకి అది బాగానే పనికొస్తుంది.

డౌన్‌టౌన్‌లో లోటు ఒకటే, పొద్దున లేచి కిటికీ తీస్తే తోట కనిపించదు, పార్కింగ్ బిల్డింగ్ కనిపిస్తుంది. ఆ పార్కింగ్‌కి రాత్రికి 30 డాలర్లు వేరేగా వేశారు, బుక్ చేసేటప్పుడు ఎక్కడా చూసిన గుర్తు లేదు. కాలిఫోర్నియాలో 2024 జూలై 1 నుంచి రిసార్ట్ ఫీజులాంటి తప్పనిసరి ఫీజులన్నీ మొదట చూపించే రేటులోనే కలపాలి, పన్నులూ పార్కింగూ మాత్రం ఇంకా తర్వాతే తగులుతాయి. పోల్చేటప్పుడు చివరి పేజీ దాకా వెళ్ళి అక్కడి మొత్తంతోనే పోల్చండి.

యౌంట్‌విల్‌లో మేం దిగలేదు, భోజనానికి ఆగాం. చిన్న ఊరు, అంతా నడిచి తిరగొచ్చు, ఫ్రెంచ్ లాండ్రీ అనే పేరుమోసిన రెస్టారెంట్ ఉండేది అక్కడే. పెళ్ళిరోజుకి ఒక్క రాత్రి అనుకుంటే బాగుంటుంది, మూడు రాత్రులంటే మా బడ్జెట్ కాదు. సెయింట్ హెలీనా అందంగా ఉంటుంది కానీ శనివారం మధ్యాహ్నం ఆ మెయిన్ స్ట్రీట్‌లో కార్లు పాకుతూ పోతాయి. వచ్చేటప్పుడు సిల్వరాడో ట్రెయిల్ పట్టుకోండి.

మూడోసారి పెద్దవాళ్ళు, ఇద్దరూ వైన్ ముట్టరు. అందుకే కాలిస్టోగా. ఆ ఊరికి పేరు వేడినీళ్ళ ఊటల వల్ల, అగ్నిపర్వతపు బూడిద మట్టిలో కూర్చోబెట్టే మడ్ బాత్‌ల వల్ల. మామూలు చెయిన్ హోటళ్ళు ఊళ్ళో కనిపించవు, పాత మోటెల్ తరహావి, చిన్న చిన్నవి చాలా ఉంటాయి, మాకు కిచెనెట్ ఉన్న గది దొరికింది. రైస్ కుక్కరూ ఆవకాయా తీసుకెళ్ళాం, పెరుగు పక్క షాపులోనే. ఆ ఒక్క సదుపాయం వల్ల అత్తయ్యగారు మూడు రోజులు హాయిగా ఉన్నారు. మావయ్యగారికి బీపీ కాబట్టి మట్టి వద్దన్నాం, పొద్దున్నే పొగలు కక్కుతున్న పూల్ అంచున పంచె మోకాళ్ళ పైకి మడిచి కాళ్ళు పెట్టుకుని గంటసేపు కూర్చున్నారు. గంధకం వాసన కొద్దిగా వస్తుంది, ఆయన పట్టించుకోలేదు. అత్తయ్యగారేమో రోడ్డు పక్క తోటల్లో వరసల మధ్య మిగిలిన పసుపు పూలు చూసి కారు ఆపించి, దిగి, ఆకు నలిపి వాసన చూసి ఆవాలే అన్నారు. నిజంగానే ఆవ మొక్కలే, చలికాలం చివర లోయంతా అవే పూస్తాయి.

తోట కనిపించే గది కావాలని అడిగి మరీ తీసుకున్నాం, అదే రెండో రాత్రి ఇబ్బంది పెట్టింది. తెల్లవారుజామున మూడున్నరకి హెలికాప్టర్ దిగుతున్నంత చప్పుడు, ఆగదు. మార్చి నెలాఖరు, చిగుళ్ళు వేసే కాలం, మంచు పడితే చిగురు మాడిపోతుందని తోటలో ఎత్తైన స్తంభాల మీద పెద్ద ఫ్యాన్లు తిప్పుతారట, పైనుండే కాస్త వెచ్చని గాలిని కిందికి నెట్టడానికి. జీవితమంతా పొలం చేసిన మావయ్యగారికి విషయం తెలిశాక నిద్ర చెడిన బాధ పోయింది, తెల్లారగానే ఆ ఫ్యాను దగ్గరికి తీసుకెళ్ళమన్నారు, ఎంత మేరకి పనిచేస్తుంది, డీజిలా కరెంటా అని అడిగించారు. నిద్ర పలచనైనవాళ్ళు మాత్రం మార్చి, ఏప్రిల్‌లో రోడ్డు వైపు గది అడగడం మంచిది. ఆగస్టు నుంచి అక్టోబరు కోతల్లో కూడా రాత్రిళ్ళు లైట్లు పెట్టి కోస్తారు, ట్రాక్టర్లు తిరుగుతాయి.

అత్తయ్యావాళ్ళని ఒక పూట సోనోమా ఊరికీ తీసుకెళ్ళాం. పెద్ద మైదానం లాంటి ప్లాజా, చెట్ల నీడ, మూల మీద 1823 నాటి మిషన్ (క్రైస్తవ మతప్రచారకుల స్థావరం), కాలిఫోర్నియా మిషన్లలో ఆఖరిది. మాలో తాగేవాళ్ళు చుట్టూ ఉన్న టేస్టింగ్ రూముల్లోకి వెళ్తే తాగనివాళ్ళు బెంచీ మీద కూర్చున్నారు, ఎవరూ ఎవరికోసం విసుక్కోలేదు. పెద్దవాళ్ళతో మళ్ళీ వస్తే ఒక రాత్రి ఇక్కడే దిగాలని ఉంది. పిల్లలున్నవాళ్ళు మాత్రం ముందే ఫోన్ చేసుకోండి, 21 నిండనివాళ్ళని లోపలికే రానివ్వని వైనరీలు చాలా ఉన్నాయి.

సెప్టెంబరు, అక్టోబరుల్లో వెళ్తుంటే క్యాన్సిల్ చేసుకోగలిగే రేటే తీసుకోండి, ఇరవై ముప్ఫై డాలర్లు ఎక్కువైనా సరే. 2017 అక్టోబరులో కాలిస్టోగా దగ్గర అంటుకున్న కార్చిచ్చు రాత్రికి రాత్రే సాంటా రోజా దాకా వచ్చింది, 2020లో ఇంకోటి లోయలోని పేరున్న రిసార్టులనే కాల్చేసింది.

ఈ అక్టోబరుకి మా అక్కావాళ్ళు నలుగురు వస్తున్నారు, అందరూ వైన్ ఇష్టపడేవాళ్ళే, కారు నడపడానికి ఒక్కరూ మిగలరు. నాపా డౌన్‌టౌన్‌లో ఆదివారం నుంచి మూడు రాత్రులు, రద్దు చేసుకునే రేటుకి నిన్ననే బుక్ చేశాను. పార్కింగ్ ఎంతో ఈసారి ఫోన్ చేసి అడిగాను.