బొలెరోకి కరెంటు ఫ్యాన్: 6,200 ఖర్చు, లీటరుకి 200 మీటర్లు లాభం

ముందే చెప్పేస్తున్నా, మైలేజ్ ఒక్కదాని కోసమే అయితే ఈ పని చేయించకండి. వేరే లాభాలు ఉన్నాయి, అవి కింద రాశాను.

నాది 2009 బొలెరో, డీఐ ఇంజను. దీనికి రేడియేటర్ వెనక ఉన్న ఫ్యాన్ ఇంజను బెల్టుతోనే తిరుగుతుంది. మధ్యలో సిలికాన్ ఆయిల్ ఉన్న విస్కస్ క్లచ్ ఉంటుంది, రేడియేటర్ నుంచి వేడిగాలి తగిలితే అది పట్టుకుని ఫ్యాన్‌ని జోరుగా తిప్పుతుంది, చల్లగా ఉంటే జారుతుంది. జారినా పూర్తిగా ఆగదు, ఎంతో కొంత తిరుగుతూనే ఉంటుంది. ఫ్యాన్ వేగం రెట్టింపైతే అది ఇంజను నుంచి లాక్కునే పవర్ 8 రెట్లవుతుంది కాబట్టి, దీన్ని పీకేసి కరెంటు ఫ్యాన్ పెట్టి, నీళ్లు వేడెక్కినప్పుడే తిరిగేలా చేస్తే డీజిల్ మిగులుతుందని లెక్క. హైవే మీద 60 దాటితే ఎదురుగాలే రేడియేటర్‌ని చల్లబరుస్తుంది, ఫ్యాన్‌తో పెద్దగా పని ఉండదు. తెలిసినవాళ్లు ఒకరు లీటరుకి 2 కిలోమీటర్లు పెరుగుతుందన్నారు. నమ్మేశాను.

విజయవాడ ఆటోనగర్‌లో ఒక ఎలక్ట్రీషియన్ షాపులో చేయించాను. పేరు రాయట్లేదు, ఎందుకంటే తప్పు చేశారు, దాన్ని సరిదిద్దారు కూడా. స్క్రాప్‌లో దొరికిన సెకండ్ హ్యాండ్ ఫ్యాన్, పై గొట్టంలో బిగించే టెంపరేచర్ స్విచ్ (92 డిగ్రీలకి ఆన్, 87కి ఆఫ్), ఏసీ వేస్తే ఫ్యాన్ దానంతటదే తిరిగేలా ఇంకో కనెక్షన్, వైరింగ్, కూలీ అన్నీ కలిపి 6,200. ఒక రోజు పని. బెల్టు అలాగే ఉంచారు, వాటర్ పంపు దానిమీదే తిరగాలి మరి.

మూడో రోజు సాయంత్రం బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని ఇరుక్కుపోయాను, ప్లాస్టిక్ కాలిన వాసన మొదలైంది, కాసేపటికి టెంపరేచర్ ముల్లు పైకి ఎక్కడం మొదలెట్టింది. ఏసీ ఆపి, అద్దాలు దించి, హీటర్ ఫుల్లుగా పెట్టి ఎలాగోలా రోడ్డు పక్కకి లాగాను. (హీటర్ వేస్తే ఇంజను వేడి కొంత లోపలికి వచ్చేస్తుంది, ఇది గుర్తుపెట్టుకోండి, చెమటలు పడతాయి గానీ ఇంజను హెడ్ కింద ఉండే సీలు, అదే హెడ్ గ్యాస్కెట్, కాలిపోకుండా మిగులుతుంది.) డిసెంబర్ కాబట్టి బతికిపోయాను, అదే రోహిణి కార్తెలో అయితే నేనూ రోడ్డు మీద రోలులా పగిలేవాడిని. బానెట్ ఎత్తి చూస్తే ఫ్యూజ్ పెట్టే డబ్బా కరిగి ముద్దయిపోయింది. 15 ఆంపియర్లు లాగే ఫ్యాన్‌కి, అదీ స్టార్టయ్యే క్షణంలో ఇంకా చాలా ఎక్కువ లాగేదానికి, ట్యూబ్‌లైటుకి వాడేంత సన్నటి వైరు వేశారు. పెద్ద కరెంటుని చిన్న స్విచ్‌తో ఆడించే రిలే కూడా లేదు! మర్నాడు తీసుకెళితే ఓనర్ కుర్రాడి మీద కేకలేసి, బ్యాటరీ నుంచి నేరుగా లావు వైరు, 40 ఆంపియర్ల రిలే, 30 ఆంపియర్ల ఫ్యూజ్ వేయించి రూపాయి తీసుకోలేదు. మీరు ఎక్కడ చేయించినా వైరు మందం, రిలే మీ కళ్లతో చూసుకున్నాకే డబ్బులివ్వండి.

తర్వాత రాజమండ్రి వెళ్లొచ్చాను, ట్యాంకు ఫుల్ చేయించి, తిరిగొచ్చాక అదే బంకులో మళ్లీ ఫుల్ చేయించి లెక్కేశాను. ఇంతకుముందు ఇదే రూట్లో 11.4 వచ్చేది. ఇప్పుడు 11.6. అంతే! నెలకి 1,000 కిలోమీటర్లు తిరిగే నాకు మిగిలేది ఒకటిన్నర లీటరు, అంటే 150 రూపాయల లోపు. పెట్టిన డబ్బు రావడానికి మూడున్నరేళ్లు. కరెంటు ఫ్యాన్ కూడా ఊరికే తిరగదు కదా, ఇంజనుతో తిరుగుతూ కరెంటు తయారుచేసే ఆల్టర్నేటర్ మీద బరువు వేసే తిరుగుతుంది. పైగా నా పాత విస్కస్ క్లచ్ బాగానే ఉండేది, హైవే మీద అది ఎలాగూ జారుతూనే ఉండేది. క్లచ్ బిగుసుకుపోయిన బండైతే లాభం ఎక్కువ ఉండొచ్చు.

అసలు సంగతి ఇక్కడుంది. ఆ ట్రిప్పులో ఏసీ లేకుండా వెళ్తే ఫ్యాన్ ఒక్కసారి కూడా తిరగలేదు. పాడైందనుకుని మళ్లీ షాపుకి పోయాను. ఆయన గొట్టం పట్టుకుని చూసి, "ఫ్యాన్ ఎందుకు తిరుగుతుంది సార్, నీళ్లు వేడెక్కితే కదా" అన్నాడు. హౌసింగ్ విప్పితే లోపల థర్మోస్టాట్ లేదు, అంటే ఇంజను వేడెక్కేదాకా నీళ్లని రేడియేటర్‌లోకి పోనివ్వని వాల్వు. ఎప్పుడో ఏ మేస్త్రో "మన ఎండలకి ఇదెందుకు" అని తీసి పారేశాడు. ఈ జబ్బు మన దగ్గర చాలా బండ్లకి ఉంది. అది లేకపోతే నీళ్లు ఎప్పుడూ రేడియేటర్‌లో తిరుగుతూనే ఉంటాయి, ఇంజను కావలసిన వేడికి రాదు, ఆయిల్ చిక్కగానే ఉంటుంది, డీజిల్ తాగుతుంది. 82 డిగ్రీలకి తెరుచుకునే కొత్త థర్మోస్టాట్, కూలెంట్ కలిపి 1,100 అయింది. అదే రూట్లో 12.3 వచ్చింది! 6,200 పెట్టినదానికి 0.2, 1,100 పెట్టినదానికి 0.7. చలికాలం లెక్క ఇది, ఎండాకాలంలో తేడా ఇంత ఉండదనుకుంటున్నా.

కరెంటు ఫ్యాన్ వల్ల బాగున్నది శబ్దం. పొద్దున్నే స్టార్ట్ చేయగానే వచ్చే ఆ హోరు పోయింది, వెనక సీట్లో అమ్మ మాట్లాడేది ఇప్పుడు వినపడుతోంది. వానాకాలం రోడ్డు మీద నీళ్లు నిలిచినచోట ఫ్యాన్ ఆపుకునేలా డ్యాష్‌బోర్డు కింద ఒక స్విచ్ పెట్టించుకున్నా, అదీ పనికొచ్చేదే. దాటగానే మళ్లీ ఆన్ చేయడం మర్చిపోకూడదు.

స్విఫ్ట్, ఐ20 లాంటివి ఉన్నవాళ్లు మాత్రం ఇటు చూడకండి. వాటికి కంపెనీ నుంచే కరెంటు ఫ్యాన్ వస్తుంది, ఎప్పుడు తిరగాలో ఇంజను కంప్యూటర్ (ఈసీయూ) చూసుకుంటుంది. దానికి స్విచ్ పెట్టి ఆపితే ఏసీ గ్యాస్ ఒత్తిడి పెరిగి కంప్రెసర్ ఇంకా బరువుగా తిరుగుతుంది, మిగిలేది ఏమీ ఉండదు.

షాపుకి 5కి 3. పాత ఫ్యాన్, క్లచ్ మాత్రం అమ్మలేదు, గోనెసంచిలో చుట్టి షెడ్డులో పెట్టాను, మే నెల దాటాక చూద్దాం.