ముందు కాగితాలు, ఆ తర్వాతే గెట్టిస్‌బర్గ్

మా అత్తగారిది పెన్సిల్వేనియా. ఆవిడ ముత్తాత అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యంలో పనిచేశాడని ఇంట్లో చెప్పుకోవడమే తప్ప చేతిలో కాగితం ముక్క లేదు. మోకాళ్లు సహకరిస్తుండగానే అన్నీ చూసి రావాలని ఆవిడ పట్టుబడితే, మొన్న వేసవిలో నేను, మావారు, ఆరేళ్ల మా అబ్బాయి తోడు వెళ్లాం. ఇలాంటి ప్రయాణం పెట్టుకునేవాళ్లకి గట్టిగా చెబుతున్నా: ముందు ప్రభుత్వ పాత రికార్డులు దాచే వాషింగ్టన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌కి వెళ్లండి, ఆ తర్వాతే గెట్టిస్‌బర్గ్ లాంటి యుద్ధభూమికి.

అంతకుముందు డబ్బు తీసుకుని వంశవృక్షం వేసిచ్చే ఒకరిని నమ్మాం. అదే పేరున్న వేరే మనిషిని తెచ్చి మాకు అంటగట్టారు. చివరికి నేషనల్ పార్క్ సర్వీస్ వారి ఉచిత డేటాబేస్‌లో మేమే వెతికాం. అందులో 63 లక్షల సైనికుల పేర్లున్నాయి. ఒక్కో రెజిమెంట్‌ని, అంటే సైనిక దళాన్ని, ఎక్కువగా ఒకే ప్రాంతం కుర్రాళ్లతో కట్టేవారు కాబట్టి, అత్తగారి సొంత ప్రాంతాన్ని బట్టి రెజిమెంట్, అందులో కంపెనీ అనే చిన్న దళం తేలాయి.

ఆర్కైవ్స్ సేవలకు నేను పూర్తి మార్కులు వేస్తాను. గుర్తింపు పత్రం చూపిస్తే రీసెర్చర్ కార్డు ఉచితంగా ఇస్తారు. బ్యాగు లాకర్‌లో పెట్టాలి, పెన్ను కుదరదు, పెన్సిలే. ఫోన్‌తో ఫొటోలు తీసుకోవచ్చు. పిల్లాడితో అక్కడ కూర్చోలేం కనుక మావారు వాడిని మ్యూజియంలకు తిప్పారు.

ముత్తాత పెన్షన్ ఫైలు వచ్చింది. మూడు మడతలు పెట్టిన కాగితాలు. విప్పుతుంటే అత్తగారి చేతులు వణికాయి. ఆయన పోయాక భార్య 1890 నాటి సైనిక పెన్షన్ చట్టం కింద పెట్టుకున్న దరఖాస్తు అది. మంజూరైంది నెలకు 8 డాలర్లు. పెళ్లి జరిగిందనీ, పిల్లలు ఆయన పిల్లలేననీ పక్కింటి ఆడవాళ్లిద్దరు ప్రమాణం చేసి చెప్పారు. సంతకం చోట ఆ భార్య గీసిన ఇంటూ గుర్తు. మన పాత దస్తావేజుల్లో నిశానీ పెట్టినట్టే! సిరా ఒక గీత దగ్గర ఒత్తుగా పడింది. అత్తగారు ఆ పేజీ మీద నుంచి చాలాసేపు చూపు తిప్పలేదు.

రెండో ప్రపంచయుద్ధంలో పనిచేసిన అత్తగారి నాన్న ఫైలు మాత్రం దొరకలేదు. ఆ కాలం ఆర్మీ రికార్డులు సెయింట్ లూయిస్‌లో ఉండేవి. 1973 జులైలో అక్కడ జరిగిన అగ్నిప్రమాదంలో 1.6 కోట్లకు పైగా ఫైళ్లు పోయాయి.

వాషింగ్టన్‌లో మెట్రోకి దగ్గర్లో, ఊరి శివారులో దిగాం. గది చిన్నదైనా ఖర్చు కలిసొచ్చింది. గెట్టిస్‌బర్గ్‌లో పాతకాలపు ఇంట్లో బస ఎంత బాగున్నా, లిఫ్ట్ లేక అత్తగారు మెట్లెక్కలేక అవస్థపడ్డారు. పెద్దవాళ్లుంటే కింది గది ముందే అడగండి. శాకాహారులకు పొద్దున టిఫిన్ అంతంతమాత్రం. నేను కట్టుకెళ్లిన పులిహోరే ఆదుకుంది.

గెట్టిస్‌బర్గ్‌లో లైసెన్స్ ఉన్న గైడ్‌ని తప్పక పెట్టుకోండి. మన కారులోనే ఎక్కి రెండు గంటలు తిప్పుతారు. రెజిమెంట్ పేరు చెప్పగానే మా గైడ్ సరిగ్గా ఆ రెజిమెంట్ పోరాడిన కంచె దగ్గరే కారు ఆపించారు. కాగితాలు చూడకుండా వచ్చుంటే మాకది పచ్చిక బయలే. 1863 జులై 1 నుంచి 3 దాకా ఇక్కడ చనిపోయినవాళ్లు, గాయపడినవాళ్లు, శత్రువుకు పట్టుబడినవాళ్లు, గల్లంతైనవాళ్లు అంతా కలిపి దాదాపు 51,000 మంది. అక్కడి సైనికుల శ్మశానంలో అంకెలు మాత్రమే చెక్కిన చిన్న చిన్న రాళ్లు 979. వాటి కింద ఉన్నవాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు. అక్కడ మా అబ్బాయి కూడా మాట్లాడలేదు.

చివరగా, ఇక్కడ పోరాడిన పెన్సిల్వేనియా సైనికుల స్మారకం. చుట్టూ కంచు పలకల మీద 34,000కు పైగా పేర్లు, రెజిమెంట్ వారీగా, కంపెనీ వారీగా. ముత్తాత పేరు పై వరసలో ఉంది, అత్తగారికి అందలేదు. మావారు అబ్బాయిని ఎత్తి పట్టుకున్నారు. వాడు ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టి పైకి చదువుతుంటే, అత్తగారు కింద నిలబడి వాడితో పాటే ఒక్కో అక్షరం పలికారు.