డెల్టా ఉక్కలోనూ కొండవానలోనూ ఒక రెయిన్ సూట్

అమలాపురం నుంచి రావులపాలెం, రాజమహేంద్రవరం, గోకవరం మీదుగా రంపచోడవరం చేరి, అక్కడి నుంచి కొయ్యూరు, చింతపల్లి, పాడేరు దాటి అరకు వరకు మోటారుసైకిల్‌పై వెళ్లేవారు ఒకే ప్రయాణంలో రెండు భిన్నమైన వాతావరణాలను ఒకే దుస్తులతో ఎదుర్కోవలసి ఉంటుంది. కాలువగట్ల వెంట పొద్దున్నే చొక్కా తడిసిపోయేంత ఉక్కపోత ఉంటే, 516ఇ జాతీయ రహదారి కొండలెక్కేసరికి ఎండ కాస్తున్న మలుపుకూ మబ్బు కమ్మిన మలుపుకూ మధ్య అర కిలోమీటరు దూరం కూడా ఉండదు. ఈ దారిలో వాడి చూసిన ఒక రెయిన్ సూట్ గురించి ఈ పరిశీలన. రక్షణ ప్యాడ్లున్న రైడింగ్ జాకెట్‌పైన తొడుక్కునే కోటు, ప్యాంటు ఇందులో విడివిడిగా ఉంటాయి, లోపల నీటిని ఆపే పాలీయురెథేన్ పూత పూసిన పాలియెస్టర్ గుడ్డతో కుట్టారు, ధర మధ్యస్థం. చాలా సంస్థలు ఇదే తరహా సూట్లను స్వల్ప తేడాలతో అమ్ముతున్నందున సంస్థ పేరుకన్నా కుట్టు తీరును వివరించడమే కొనేవారికి ఎక్కువ ఉపయోగపడుతుంది.

అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో ముద్రించిన 10,000 మిల్లీమీటర్ల అంకెను చూసి చాలామంది కొనేస్తారు. గుడ్డ మీద నీటిస్తంభాన్ని నిలబెట్టి ఎత్తు పెంచుతూ పోతే, ఏ ఎత్తు దగ్గర చుక్కలు అవతలికి దిగడం మొదలవుతుందో ఆ అంకె చెబుతుంది. అది గుడ్డకు మాత్రమే జరిగే పరీక్ష. కుట్లు, జిప్పు, మెడపట్టీ, ముంజేతి అంచు దాని లెక్కలోకి రావు. వాన లోపలికి వచ్చేది మాత్రం వాటి గుండానే. ఈ కోటుకు ఛాతీమీది జిప్పును కప్పుతూ రెండు వరుసల పట్టీలు, వాటికి వెల్క్రో ఉన్నాయి. లోపలి కుట్లన్నిటి మీదా టేపు అతికించారు. మారేడుమిల్లి వైపు ఘాట్‌లో గంటకు పైగా ఎదురువాన కొట్టినా ఛాతీ, భుజాలు తడవలేదు. ఇంత జాగ్రత్త తీసుకున్నవారే మెడపట్టీ లోపల మెత్తదనం కోసం ఉన్నిలాంటి గుడ్డ వేశారు. హెల్మెట్ అంచు నుంచి కారిన నీటిని అది దీపపు వత్తి నూనె పీల్చినట్టు పీల్చుకుని వీపు మీదికి దింపుతుంది. దుకాణంలో ఆ మెత్తదనం హాయిగానే ఉంటుంది; మెడకు తగిలే భాగం నున్నటి గుడ్డతో ఉన్న కోటునే ఎంచుకోవడం మేలు.

చెమట సంగతి ఇంతకంటే ముఖ్యమైనది. లోపలి ఆవిరి బయటికి పోతుందని తయారీదారులు చెప్పే మాట అబద్ధం కాదు, కానీ దానికి ఒక షరతు ఉంది: లోపలి గాలికీ బయటి గాలికీ తేమలో తేడా ఉండాలి. ఆషాఢ శ్రావణాల్లో కోనసీమ గాలే తేమతో బరువెక్కి ఉంటుంది గనుక ఆవిరి పోవడానికి దారి ఉండదు. రావులపాలెం దగ్గర చినుకు పడిందని ఈ సూట్ తొడిగి, గౌతమి వంతెన దాటాక ఎండ వచ్చినా విప్పకుండా సాగితే, రాజమహేంద్రవరం చేరకముందే వాన తడపనిదంతా చెమట తడిపేస్తుంది. ఆ తడితోనే కొండెక్కడం ప్రమాదకరం. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే ఉష్ణోగ్రత సగటున 6.5 డిగ్రీలు పడిపోతుంది. లంబసింగి దాదాపు ఆ ఎత్తులోనే ఉంది. దీనికి వాన, బండి వేగంతో తగిలే గాలి తోడైతే వేళ్లు బిగుసుకుని క్లచ్ పట్టు తప్పుతుంది. కోటు చంకల కింద గాలి కోసం జిప్పులు ఉండడం ఈ సూట్‌లో నాకు బాగా నచ్చిన అంశం. వాన లేనప్పుడు వాటిని తెరిస్తే కొంత ఊరట ఉంటుంది. లోపల నూలు బనియన్‌కు బదులు త్వరగా ఆరే పాలియెస్టర్ బనియన్ వేసుకోకపోతే మాత్రం ఆ జిప్పులు చేసే మేలు చాలా తక్కువ.

ప్యాంటు నన్ను పూర్తిగా నిరాశపరిచింది. సీటు మీద కూర్చున్నప్పుడు ట్యాంకు వెంట జారిన నీరంతా తొడల మధ్య నిలుస్తుంది. సరిగ్గా అక్కడే నాలుగు కుట్లు కలుస్తున్నాయి, టేపు మొదట లేచిపోయేదీ అక్కడే. ఆ భాగాన్ని కుట్టు లేని ఒకే ముక్కతో చేసే పద్ధతి కొన్ని ఖరీదైన ప్యాంట్లలో కనిపిస్తుంది. పైగా దీని కాలిజిప్పు పిక్క సగం వరకే ఉన్నందున బూట్లు విప్పకుండా తొడగడం అసాధ్యం. అనంతగిరి ఘాట్‌లో కాఫీతోటల పక్కన, లారీలు ఒరుసుకుంటూ పోయే మలుపులో, ఒంటికాలి మీద నిలబడి బూటు విప్పడం ఎవరికీ క్షేమం కాదు. కొండల్లో వాన అడిగి రాదు కాబట్టి, రెండు నిమిషాల్లో తొడగలేని సూట్ ఎంత దిట్టమైనదైనా డిక్కీలోనే ఉండిపోతుంది. సైలెన్సర్ తగిలే చోట వేడికి ఓర్చే ముక్క వేయడం ఒక్కటే ఈ ప్యాంటులో మెచ్చుకోదగ్గ విషయం.

రంగు విషయంలో నలుపు, చిలకపచ్చ అనే రెండు ఎంపికలు ఉన్నాయి. వెలుగును తిప్పికొట్టే పట్టీలు ఎదుటి బండి దీపం పడితేనే మెరుస్తాయి. పగటిపూట పొగమంచులో దీపాలు వేయకుండా వచ్చే జీపు డ్రైవరుకు అవి కనిపించవు. అందుచేత చిలకపచ్చ తీసుకోవాలి, బురద మరకలు తేలిగ్గా కనిపిస్తే కనిపించనీయండి. ముంజేతి అంచు వెడల్పుగా ఉంది. గ్లౌజు పొడవాటి మణికట్టును దాని లోపలికి దోపి వెల్క్రో బిగిస్తే చేతిమీద జారే నీరు గ్లౌజులోకి దిగదు. సూట్‌తో ఉచితంగా ఇచ్చే గ్లౌజు కవర్ల గురించి రాయడానికి ఏమీ లేదు.

ఇదే సూట్‌తో మనాలీ–లేహ్ దారిలో వెళ్లవచ్చా అని అడిగేవారున్నారు. మనాలీ వైపు వానాకాలం ఉధృతంగా ఉంటుంది. 2020లో ప్రారంభమైన అటల్ సొరంగం రోహ్‌తంగ్ కనుమను తప్పించినా అటూ ఇటూ కొండచరియల భయం తప్పదు. సొరంగం దాటాక, కొండలు వానమబ్బులను అడ్డుకునే వానచాటు ప్రాంతం మొదలవుతుంది గనుక వర్షం తగ్గుతుంది, బారాలాచా కనుమ వైపు వెళ్లేకొద్దీ చలి, గాలి మిగులుతాయి. ఆ ఎత్తుల్లో ఆగస్టులో కూడా మంచు పడవచ్చు. గాలిని ఆపే పైపొరగా ఈ కోటు అక్కడ చక్కగా పనిచేస్తుంది, ఆ పొడిగాలిలో చెమట బాధా ఉండదు. వెచ్చదనం మాత్రం లోపలి దుస్తులే ఇవ్వాలి.

మన ప్రాంతంవారు తప్పక గమనించవలసినది నిల్వ. పాలీయురెథేన్ పూత వేడికీ తేమకూ కాలక్రమేణా విచ్ఛిన్నమై, మొదట జిగురుగా మారి, తరువాత పొరలుగా రాలుతుంది. తడిసిన సూట్‌ను మడిచి డిక్కీలోనో అటక మీదనో పడేస్తే బూజు పట్టడంతోపాటు ఈ పతనం వేగవంతమవుతుంది. కోనసీమ ఇళ్లలో ఇటువంటి సూట్లు చాలావరకు పాడయ్యేది ఇలాగే. తేలికపాటి సబ్బునీటితో కడిగి, ఎండ తగలకుండా నీడన ఆరబెట్టి, మడవకుండా హ్యాంగరుకు వేలాడదీయాలి. బట్టల సోడా, ఇస్త్రీపెట్టె రెండూ దీనికి శత్రువులే.

కోటును, ప్యాంటును విడిగా కూడా అమ్ముతున్నారు కాబట్టి కోటు మాత్రమే, రైడింగ్ జాకెట్ తొడుక్కుని కొలత చూసి, ఒక సైజు పెద్దది కొనండి. ప్యాంటుకు నడుము వరకు జిప్పు ఉన్న వేరే రకం వెతుక్కోండి.