చట్టమా, మెమోనా? కోర్టుకెక్కితే ఏది నిలుస్తుంది

అమెరికాలో కాగితాల్లేకుండా ఉండిపోయినవాళ్లకు ఊరట రెండు దారుల్లో వచ్చింది. ఒకటి 1986లో కాంగ్రెస్ చేసిన చట్టం. రెండోది 2012 జూన్ 15న ఒబామా ప్రభుత్వం ఒక్క మెమోతో, అంటే శాఖ ఇచ్చిన ఆదేశంతో, తెచ్చిన డాకా. చిన్నప్పుడే అక్కడికి వచ్చి కాగితాల్లేకుండా పెరిగినవాళ్లను కొంతకాలం వెనక్కి పంపకుండా, పని చేసుకోనిచ్చే ఏర్పాటు అది. రెండూ కోర్టుకెక్కాయి. తేడా తెలిసింది అక్కడే.

1986 చట్టంతో దాదాపు 27 లక్షల మందికి గ్రీన్ కార్డులొచ్చాయి. అందుకు అక్కడే ఉంటూ ఉండాలి, కానీ మధ్యలో కొద్దిరోజులు దేశం దాటి వచ్చినా తప్పులేదని ఆ చట్టంలోనే ఉంది. అధికారులేమో ముందస్తు అనుమతి లేదంటూ అడ్డుపడ్డారు. ఆ రూలు చెల్లదని కోర్టు చెప్పింది. కేసు 2004లో రాజీ దాకా సాగిన మాట నిజమే. కానీ వాళ్ల చేతిలో చూపించడానికి చట్టం ఉంది.

డాకా వాళ్లకు అది లేదు. 2017 సెప్టెంబరులో ట్రంప్ ప్రభుత్వం దాన్ని ఎత్తేస్తున్నట్టు ప్రకటించింది. 2020 జూన్ 18న సుప్రీంకోర్టు 5-4తో ఆ రద్దును కొట్టేసింది. ఆరోజు చాలామంది హమ్మయ్య అనుకున్నారు. తీర్పు చదివితే మాత్రం గుండె కలుక్కుమంటుంది. ఎత్తేసే అధికారం ప్రభుత్వానికి ఉందని చీఫ్ జస్టిస్ రాబర్ట్స్ రాశారు. తప్పుపట్టింది ఎత్తేసిన పద్ధతిని. డాకాను నమ్ముకుని చదువుల్లో, ఉద్యోగాల్లో కుదురుకున్నవాళ్ల సంగతి ఆలోచించలేదన్నారు. అంటే కారణాలు సరిగ్గా రాసుకుని మళ్లీ రావచ్చు. ఏడాది తిరిగేసరికి టెక్సాస్‌లో ఒక ఫెడరల్ జడ్జి అసలు డాకాయే చట్టవిరుద్ధమన్నారు. కొత్త దరఖాస్తులకు ఆమోదం ఆగిపోయింది.

డాకా కింద ఇచ్చే వర్క్ పర్మిట్ కార్డు మీద గడువు తేదీ ఉంటుంది. రెండేళ్లే. నాలుగైదు నెలల ముందే రెన్యువల్‌కి పంపాలి. పంపాక ఇంటిల్లిపాదికీ టెన్షన్.

అందుకే నా ఓటు చట్టానికే. అలాగని మెమోను తీసిపారేయను. ఇలాంటి పిల్లలకు చట్టంతోనే దారి చూపాలన్న డ్రీమ్ బిల్లు 2010 డిసెంబరులో కాంగ్రెస్ దిగువ సభ హౌస్‌లో గట్టెక్కి సెనేట్‌లో ఆగిపోయింది. చట్టం వచ్చేదాకా ఆగమని ఆ పిల్లలకు ఎవరు చెప్పగలరు?

మన ఇళ్లలోనూ ఇలాంటి పిల్లలున్నారు. అమ్మానాన్నలతో చిన్నప్పుడే హెచ్-4 మీద, అంటే ఉద్యోగ వీసావాళ్ల కుటుంబానికిచ్చే వీసా మీద, వెళ్లినవాళ్లు. అప్పటికి చెల్లే వీసా ఉంది కాబట్టి డాకా వాళ్లకు వర్తించలేదు. గ్రీన్ కార్డు వరస కదలదు. 21 నిండితే హెచ్-4 చెల్లదు కాబట్టి స్టూడెంట్ వీసాకి మారాలి, లేదంటే పెరిగిన ఊరు వదలాలి. వాళ్ల కోసం 2021లో ఒక బిల్లు పెట్టారు. అది చట్టం కాలేదు.